కుడి కాలి ఎముక గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కుడి ముంగాలి ఎముక గారి సముఖానికి,

చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో, మోకాలి కింద ఉండే తమరి పేరు అంతర్జంఘిక అని బట్టీపట్టి, రెండు మార్కులు తెచ్చుకుని, మర్నాడే మరచిపోయాను. నలభై మూడేళ్ల వయసులో మళ్లీ పరిచయమైంది. ఈసారి ఎమ్మారై ఖర్చుతో కలిపి.

తమరికి పట్టిన పగులుకు తప్పంతా నాదేనని తమరి వాదన. పూర్తిగా ఒప్పుకోలేను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. అప్పటి నుంచి వారానికి మూడు రోజులు అక్కడే ఉన్నాను. ఆదివారాలు అనంతగిరి దాకా తొక్కుకుంటూ వెళ్లి, తిరిగివచ్చి, కూరగాయలకు కూడా వెళ్లినవాడిని. అంతకాలం తమరు చేసిందేమిటి? బరువు సీటు మోసింది. చాకిరీ తొడలు చేశాయి. గుండె, ఊపిరితిత్తులు రాత్రింబగళ్లు ఎదిగాయి. తమరు మాత్రం పెడల్ మీద పైకీ కిందికీ ఊయలూగారు. అంతకాలం జీతంతో కూడిన సెలవు ఇంకెవరికి దొరుకుతుంది?

ఒకప్పుడు పరుగెత్తినవాడినే కదా అని అటక మీది బూట్లు దించాను. మొదటి రోజే ఎనిమిది కిలోమీటర్లు. గుండెకు చెమట కూడా పట్టలేదు. చేతి గడియారం తెగ మెచ్చుకుంది. నిమిషానికి 170 అడుగుల చొప్పున ముప్పావుగంటకు ఏడువేల పైచిలుకు అడుగులు, ఒక్కొక్క అడుగుకూ ఒంటి బరువుకు రెండు మూడింతల తాకిడి. ఈ లెక్క ఎవరు వేశారు? నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు. ఎముక లేని గుండె అంతకంటే ప్రమాదం.

మూడో వారంలో తమరు నోరు విప్పారు. ముందు పరుగెత్తితే నొప్పి, తర్వాత మెట్లు దిగితే నొప్పి, చివరికి పడుకున్నా నొప్పి. డాక్టరు ఒంటికాలిపై గెంతమన్నారు. గెంతలేకపోయాను. ఎక్స్‌రే తీస్తే ఏమీ కనిపించలేదు. అచ్చం ప్రభుత్వ కార్యాలయం జవాబు: మా దస్త్రాలలో అటువంటి ఫిర్యాదు లేదు. ఎమ్మారైలో గానీ పగులు బయటపడలేదు.

అప్పుడు తెలిసింది తమరి పనితీరు. తాకిడి పెరగగానే కొత్త ఎముక కట్టాలని తమరికీ తోస్తుంది, కాదనను. కానీ కట్టడానికి ముందు పాతది తవ్వాలి. తవ్వకానికి కొన్ని వారాలు, పూడ్చి గట్టిపరచడానికి నెలలు. మధ్యలో ఎముక మునుపటికంటే బలహీనం. మా వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వి, కంకర పోసి, తారు మరచిపోయిన శాఖకూ తమరికీ చుట్టరికం ఏమైనా ఉందా? వాళ్లు కనీసం ఒక ఎర్ర జెండా పాతుతారు.

వినతుల విషయంలోనూ అదే వరస. తమరి కణాలు మొదటి కొన్ని పదుల తాకిళ్లను మాత్రమే నమోదు చేసుకుంటాయట. ఆ తర్వాత ఎన్ని వేలు వచ్చినా కిటికీ మూసేసి, కొన్ని గంటల విశ్రాంతి తర్వాతే తెరుస్తాయట. నేను ఆ మూసిన కిటికీ మీద ఏడువేల సార్లు కొట్టాను.

నేనొక్కడినే మోసపోలేదన్నది చిన్న ఓదార్పు. సైకిల్ పందేల వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2006లో న్యూయార్క్ మారథాన్ పరుగెత్తి 2 గంటల 59 నిమిషాల 36 సెకన్లలో ముగించాడు. తాను చేసిన శారీరక శ్రమలన్నింటిలోనూ అదే కష్టమైనదన్నాడు. అతన్ని ఏడిపించింది కూడా ముంగాళ్లే. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో ఏడు విజయాలు అప్పటికి అతని ఖాతాలోనే ఉన్నాయి. (2012లో డోపింగ్ వల్ల అవన్నీ ఊడిపోయాయి, అది తమరి శాఖకు సంబంధించిన కేసు కాదు.)

ఆరు వారాలు పరుగు నిషేధం. తర్వాత నొప్పి లేకుండా అరగంట నడిచి చూపించమన్నారు, చూపించాను. ఇప్పుడు రోజు విడిచి రోజు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. అరవై కిలోమీటర్లు తొక్కి కూడా అలసిపోని నేను, గడియారం మోగగానే ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తున్నాను. కేబీఆర్ పార్కులో మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన ఒకరు నన్ను ప్రతిసారీ దాటిపోతారు. దాటే ముందు తప్పకుండా అడుగుతారు:

"ఏం బాబూ, అప్పుడే ఆయాసమా?"

ఆయాసం కాదండీ, ఎముకండీ అని చెప్పేలోపు నా పరుగు నిమిషం మొదలవుతుంది. ఆయన్ని దాటేస్తాను. ఆయన తిరిగి దాటేస్తారు. అక్కడి నెమళ్లు కూడా మమ్మల్ని గుర్తుపట్టే స్థితికి వచ్చాయి.

తమరు అడిగినన్ని వారాలు ఇస్తాను. ఒక్కటే వేడుకోలు: నిమిషం పరుగును త్వరగా మూడు నిమిషాలు చేయడానికి అనుమతి ఇప్పించండి. ఆ వ్యవధిలో పెద్దాయన మలుపు తిరిగిపోతారు.

ఇట్లు,
తమరి మీదనే నిలబడి ఉన్న
విధేయుడు

ప్రతి: ఎడమ కాలి ఎముక గారికి, సమాచారం నిమిత్తం మాత్రమే. ఆదర్శంగా తీసుకోవద్దని మనవి.