సింథసైజర్ బోర్డు సిగ్నల్ జనరేటర్ కాదు

35 నుంచి 4,400 మెగాహెర్ట్జ్ దాకా ఏ ఫ్రీక్వెన్సీ అయినా ఇచ్చే ఏడీఎఫ్4351 సింథసైజర్ చిప్ (కోరిన ఫ్రీక్వెన్సీని పుట్టించేది) బోర్డులు ఆన్‌లైన్‌లో సిగ్నల్ జనరేటర్ (పరీక్షలకు శుభ్రమైన సిగ్నల్ ఇచ్చే పరికరం) పేరుతో అమ్ముడవుతున్నాయి. ఆ పేరు కొనేవారిని తప్పుదారి పట్టిస్తోంది. చిప్ తయారీదారు డేటాషీట్‌లోనే ఉంది: డివైడర్ (ఫ్రీక్వెన్సీని భాగించే సర్క్యూట్) గుండా వచ్చే అవుట్‌పుట్‌లో రెండో హార్మోనిక్ (రెండు రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చే అదనపు సిగ్నల్) అసలు సిగ్నల్ కన్నా 20 డీబీ (డెసిబెల్) తక్కువ, మూడోది 10 డీబీ మాత్రమే తక్కువ. అంటే అసలు పవర్‌లో పదో వంతు, మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర కూర్చుని ఉంటుంది.

ఇది చిప్ లోపమేమీ కాదు. లోపలి వీసీఓ (వోల్టేజీతో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్) 2,200–4,400 మెగాహెర్ట్జ్ మధ్యే తిరుగుతుంది. అంతకన్నా కిందికి రావాలంటే 2, 4, 8, 16, 32, 64లలో ఏదో ఒకదానితో భాగించాలి. భాగించేది డిజిటల్ సర్క్యూట్ కాబట్టి బయటికొచ్చేది దాదాపు స్క్వేర్ వేవ్ (చతురస్రాకార తరంగం). ఆదర్శ స్క్వేర్ వేవ్‌లో మూడో హార్మోనిక్ 9.5 డీబీ, ఐదోది 14 డీబీ కింద ఉంటాయి. సరి సంఖ్య హార్మోనిక్‌లు డ్యూటీ సైకిల్ (ఒక్కో ఆవర్తంలో సిగ్నల్ పైన ఉండే సమయం వాటా) సరిగ్గా 50 శాతం ఉంటేనే మాయమవుతాయి. 49 శాతానికి జారితే రెండోది 30 డీబీ కింద తేలుతుంది, 45 శాతమైతే 16 డీబీ కిందే.

నష్టం ఎక్కువగా కొలతల్లో కనిపిస్తుంది. 500 మెగాహెర్ట్జ్ పైవాటినే దాటనిచ్చే హై-పాస్ ఫిల్టర్‌కు 200 మెగాహెర్ట్జ్ ఇచ్చి, అవతల ఏడీ8318 లాంటి లాగ్ డిటెక్టర్ (పవర్‌ను డీబీల్లో కొలిచే చిప్) పెట్టారనుకోండి. ఫిల్టర్ 200ను 40 డీబీ అణచినా, 600 దగ్గరి మూడో హార్మోనిక్ హాయిగా దాటిపోతుంది. డిటెక్టర్‌కు ఫ్రీక్వెన్సీల తేడా తెలియదు, మొత్తం పవర్‌నే చూస్తుంది. కాబట్టి అణచివేత సుమారు 10 డీబీ అని చూపిస్తుంది. మంచి ఫిల్టర్‌ను చెడ్డదని పక్కన పడేస్తాం.

ట్రాన్స్‌మిటర్‌లో ఇదే తప్పు పొరుగువారి మీద పడుతుంది. ఇలాగే స్క్వేర్ వేవ్ ఇచ్చే ఎస్ఐ5351 చిప్‌తో 7.1 మెగాహెర్ట్జ్ చేస్తే మూడో హార్మోనిక్ 21.3 దగ్గర, ఇంకో హామ్ (అమెచ్యూర్ రేడియో) బ్యాండ్‌లోనే పడుతుంది. అమెరికా నిబంధనల్లో 30 మెగాహెర్ట్జ్ లోపు హామ్ ట్రాన్స్‌మిటర్‌కు హార్మోనిక్‌లు కనీసం 43 డీబీ కింద ఉండాలి. పవర్ యాంప్లిఫయర్ తర్వాత ఏడు భాగాల లో-పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలనే దాటనిచ్చేది) పెడితే ఆ లెక్క తేలిగ్గా కుదురుతుంది: చివర్లలో 270, మధ్యలో 680 పికోఫారడ్ కెపాసిటర్లు రెండేసి, పసుపు టీ37-6 రింగ్ కోర్‌ల మీద 21, 24, 21 చుట్ల కాయిల్స్. కెపాసిటర్లు సీ0జీ రకమే వాడాలి. ఎక్స్7ఆర్ రకం వేడికి, వోల్టేజీకి విలువ మార్చుకుంటుంది. కాయిల్స్‌ను పక్కపక్కన ఒకే దిశలో పెడితే సిగ్నల్ ఒకదాన్నుంచి ఒకదానికి దూకి ఫిల్టర్‌ను తప్పించుకుంటుంది.

చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. లో-పాస్ ఫిల్టర్ హార్మోనిక్‌లను మింగదు, వెనక్కి తిప్పి కొడుతుంది. సింథసైజర్‌కూ ఫిల్టర్‌కూ మధ్య, ఆ తిరిగొచ్చే పవర్‌ను తగ్గించే 6 డీబీ ప్యాడ్ (మూడు రెసిస్టర్ల జత) పెట్టండి: అటూ ఇటూ గ్రౌండ్‌కు 150 ఓమ్‌లు, మధ్యలో సిగ్నల్ దారిలో 37 ఓమ్‌లు. పవర్ నాలుగో వంతుకు తగ్గుతుంది, కానీ కొలత నిలకడగా ఉంటుంది. ఈ బేరం లాభమే.

అలాగని ప్రతిచోటా ఫిల్టర్ పెట్టక్కర్లేదు. రిసీవర్‌లో ఫ్రీక్వెన్సీ మార్చే స్విచింగ్ మిక్సర్‌కు లోకల్ ఆసిలేటర్‌గా (దాన్ని నడిపే సిగ్నల్‌గా) స్క్వేర్ వేవే మేలు. అయితే ఆ రిసీవర్ మూడు రెట్ల ఫ్రీక్వెన్సీని కూడా వింటుంది, కాబట్టి ఫిల్టర్‌ను యాంటెన్నా వైపు పెట్టాలి. నానోవీఎన్‌ఏ (యాంటెన్నాలు, ఫిల్టర్లను కొలిచే చిన్న పరికరం) అయితే హార్మోనిక్‌లనే పనిలో పెట్టుకుంది: 300 మెగాహెర్ట్జ్ దాటాక ఎస్ఐ5351 మూడో హార్మోనిక్‌తో, 900 దాటాక ఐదోదానితో కొలుస్తుంది. అందుకే పైకి వెళ్లేకొద్దీ దాని డైనమిక్ రేంజ్ (కొలవగల అతి పెద్ద, అతి చిన్న సిగ్నళ్ల మధ్య దూరం) తగ్గుతుంది.

35 నుంచి 4,400 దాకా మొత్తం శుభ్రంగా కావాలంటే ఒక్క ఫిల్టర్ చాలదు. రెండో హార్మోనిక్‌ను ఆపాలంటే ప్రతి ఫిల్టర్ పరిధి ఒక ఆక్టేవ్ (ఫ్రీక్వెన్సీ రెట్టింపయ్యే దూరం) లోపే ఉండాలి. ఇక్కడ దాదాపు ఏడు ఆక్టేవ్‌లున్నాయి. ఫిల్టర్ వాలుకు చోటు వదిలితే లెక్క పది దాటుతుంది. అసలైన సిగ్నల్ జనరేటర్ ధరలో ఒక వాటా ఈ ఫిల్టర్ల బ్యాంకుదే.

చివరికి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత పవర్ ఉందో చూపే పరికరం) చూసేటప్పుడు, దాని ముందు ఇంకో 10 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించేది) తగిలించండి. అసలు సిగ్నల్, హార్మోనిక్ రెండూ పదేసి డీబీ తగ్గితే ఆ హార్మోనిక్ బోర్డుదే. హార్మోనిక్ అంతకన్నా ఎక్కువ పడిపోతే, ఓవర్‌లోడ్ అయిన ఎనలైజర్ తన మిక్సర్‌లో దాన్ని తానే పుట్టిస్తోంది.