ట్రాఫిక్‌తో ఆగదు, తీగ తెగితే ఆగుతుంది

ఇంటర్నెట్ ఇక తట్టుకోలేదన్న మాట మళ్లీ వినిపిస్తోంది. ఈసారి కారణం ఏఐ అంటున్నారు. అంతకుముందు కరోనా అన్నారు, దానికి ముందు 4కే వీడియోలు, ఇంకా ముందు యూట్యూబ్. ముప్పై ఏళ్లుగా ఇదే పాట. ఉత్త తప్పుడు జోస్యమే అయితే వదిలేయొచ్చు. కానీ ఈ భయాన్ని చూపించి మన దేశంలో వీడియో కంపెనీల్లాంటి వాటి మీద ఒక కొత్త రుసుము పెట్టించాలని టెలికాం కంపెనీలు చూస్తున్నాయి. అందుకే మాట్లాడాల్సి వస్తోంది.

మొదట్లో ఈ జోస్యం చెప్పింది ఏమీ తెలియని మనిషి కాదు. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఈథర్‌నెట్‌ను కనిపెట్టినవారిలో ఒకరైన బాబ్ మెట్‌కాఫ్. 1996లో ఇంటర్నెట్ కుప్పకూలుతుందని 1995 డిసెంబరులో ఇన్ఫోవరల్డ్ పత్రికలో రాశారు. కూలకపోతే రాసింది తినేస్తానన్నారు. 1997 ఏప్రిల్‌లో ఒక సదస్సులో అందరూ చూస్తుండగా ఆ కాగితాన్ని నీళ్లు పోసి మిక్సీలో తిప్పి మింగేశారు. మాట మీద నిలబడిన ఆ పెద్దమనిషిని నేను గౌరవిస్తాను. పదేళ్లకు అమెరికాలోనే ‘ఎక్సాఫ్లడ్’ అని ఇంకో భయం లేచింది, డేటా వరద ముంచేస్తుందని. 2010కల్లా వీడియోల బరువుకు నెట్ చతికిలబడుతుందన్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ఒడ్లిజ్కో లెక్కలు తీస్తే తేలింది వేరు. ట్రాఫిక్, అంటే నెట్‌లో పోయే డేటా, పెరుగుతోంది, కానీ పెరిగే వేగం తగ్గుతోంది.

మరి ఎందుకు కూలలేదు? ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరించే సంగతి ఇది. నిజానికి నెట్ ఒకసారి కూలింది. 1986 అక్టోబరులో. అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కూ, బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. ఆ కాస్త దూరంలో సెకనుకు 32 వేల బిట్లు పోయే లైను 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు ఐదు ఇంగ్లిష్ అక్షరాలు. లైను బాగానే ఉంది, తప్పు కంప్యూటర్ల తీరులో ఉంది. నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా పోతుంది. పంపిన ప్యాకెట్ అందిందని జవాబు రాకపోతే ప్రతి కంప్యూటరూ అదే ప్యాకెట్‌ను మళ్లీ తోసేది. దారి ఎంత ఇరుకైతే అంత ఎక్కువ తోసేది.

వాన్ జాకబ్సన్ అనే శాస్త్రవేత్త దీని మీద కూర్చుని, 1988లో పరిష్కారం ప్రచురించారు. మెల్లగా మొదలుపెట్టు. జవాబులు వస్తున్న కొద్దీ వేగం పెంచు. ప్యాకెట్ దారిలో పోయిందని తెలియగానే గట్టిగా తగ్గించు. ఇంతే. సంక్రాంతికి విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేట్ ఎలా ఉంటుందో మనకు తెలుసు. అక్కడ జామ్ అయిందని తెలియగానే ఎల్బీ నగర్‌లో ఉన్న ప్రతి బండీ, ఎవరూ చెప్పకుండానే, తనంతట తాను నెమ్మదిస్తే ఎలా ఉంటుంది? రోడ్డు మీద జరగని ఆ పని నెట్‌లో ప్రతి క్షణం జరుగుతోంది. మీ చేతిలో ఉన్న ఫోన్ ఇప్పుడు కూడా అదే చేస్తోంది. అందుకే రద్దీ పెరిగితే నెట్ నెమ్మదిస్తుంది తప్ప కూలదు.

దీనికి తోడు, మీరు చూసే సినిమా అమెరికా నుంచి రాదు. చాలావరకు దాని కాపీ మన ఊళ్లోనో, పక్క నగరంలోనో ఉన్న సర్వర్‌లో ముందే పెట్టి ఉంటుంది. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. 2020 మార్చిలో దేశమంతా ఇళ్లలో కూర్చుంటే వీడియో కంపెనీలు ముందుజాగ్రత్తగా మొబైళ్లలో నాణ్యత తగ్గించాయి. తర్వాత తగ్గించాల్సిన అవసరం కూడా పోయింది.

టెలికాం కంపెనీల వాదనలో అసలు పస లేదని అనను. టవర్లకు, స్పెక్ట్రమ్‌కు వాళ్లు వేల కోట్లు పెట్టారు. ట్రాఫిక్‌లో పెద్ద భాగం నాలుగైదు పెద్ద ఇంటర్నెట్ కంపెనీలదే కాబట్టి ఆ కంపెనీలు ‘న్యాయమైన వాటా’ కట్టాలని టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ అడుగుతోంది. కానీ రోజుకు 2 జీబీ వాడుకోండంటూ ప్యాక్ అమ్మింది ఎవరు? ఆ డబ్బు మనం ముందే కట్టేశాం. వాడుకున్నందుకు ఇంకొకరి దగ్గర రెండోసారి వసూలు చేస్తే, తిరిగి తిరిగి అది మన బిల్లులోకే వస్తుంది. దక్షిణ కొరియాలో ఇలాంటి రుసుముల భారం మోయలేకనే 2024 ఫిబ్రవరిలో లైవ్ వీడియోల సైటు ట్విచ్ ఆ దేశం వదిలి వెళ్లింది.

నెట్ నిజంగా ఆగేది ఎక్కడో చూడండి. 2008 జనవరిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో ఇంటర్నెట్ కేబుళ్లు తెగితే మన సాఫ్ట్‌వేర్ కంపెనీలు అల్లాడాయి. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర ఎర్ర సముద్రంలో తెగితే మళ్లీ మనకే దెబ్బ. ఇన్నాళ్లూ మన కేబుళ్లలో ఎక్కువ భాగం ముంబయి, చెన్నైలలోనే ఒడ్డుకు చేరాయి. విశాఖలో ఏఐ కేంద్రంతో పాటు సముద్ర కేబుళ్లు ఒడ్డుకు చేరే గేట్‌వే కడతామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించినప్పుడు డేటా సెంటర్ కన్నా ఆ గేట్‌వే మాటకే నేను ఎక్కువ సంతోషించాను.

ఒడ్డు దాటి వీధిలోకి వస్తే పరిస్థితి ఇంకా ఘోరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖలో స్తంభాలను ఎలా పడగొట్టిందో చూశాం. ఆ తర్వాత కూడా ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదే లాగారు, ఖర్చు తక్కువని. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. దాంతో విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించారు. ఎన్నో కాలనీల్లో నెట్ పోయింది, వ్యవహారం హైకోర్టుకు చేరింది. మనుషుల ప్రాణం కన్నా కేబుల్ ఎక్కువ కాదు. అయితే ఆ కేబుళ్లకు భూమిలో చోటు ఎందుకు లేదు? ఏటా రోడ్లు తవ్వుతూనే ఉన్నాం కదా. తవ్విన ప్రతిసారీ అన్ని కంపెనీలూ వాడుకునేలా ఒక్క పైపు వేసి పూడిస్తే చాలు. మున్సిపాలిటీ దాన్ని అద్దెకు ఇచ్చుకోవచ్చు. రుసుముల గొడవకు పెట్టే శ్రమలో పదో వంతు దీని మీద పెట్టండి.

మొన్న మా ఇంట్లో రౌటర్‌లో ఎర్ర లైటు వెలిగింది. ఫోన్ చేస్తే మర్నాడు కేబుల్ కుర్రాడు వచ్చాడు. ఎత్తుగా లోడు వేసిన లారీ ఏదో తగిలి వీధి చివర ఫైబర్ తెగిందట. స్తంభం కింద ప్లాస్టిక్ స్టూలు మీద స్ప్లైసింగ్ మెషిన్ పెట్టుకుని, ఎండలో చెమట కారుతుంటే, వెంట్రుకంత సన్నని గాజు పోగును ఊపిరి బిగబట్టి శుభ్రం చేశాడు. రెండు కొసలూ కలిపాడు. జాయింట్ బాక్స్‌లో పెట్టి మూత బిగించాడు. మా వీధిలో పిల్లల క్లాసులు, ఇంట్లోంచి చేసే ఉద్యోగాలు, చివర కిరాణా కొట్టు లావాదేవీలు అన్నీ ఆ పోగులోనే. తర్వాత నిచ్చెనెక్కి, మిగిలిన కేబుల్‌ను చుట్ట చుట్టి, మళ్లీ అదే స్తంభానికి, అదే ఎత్తులో కట్టాడు. ఇంకొంచెం పైకి కట్టకూడదా అని అడిగాను.

“పైన కరెంటు తీగలున్నాయి సార్,” అన్నాడు.