ఫోన్ పట్టుకునే చెయ్యి

రాత్రిపూట ఆర్కే బీచ్‌లో కూర్చుంటే లంగరేసిన ఓడల దీపాలు దూరంగా వరసలో కనిపిస్తాయి. వాటిని చూపించి ‘అదిగో నాన్న ఓడ’ అని పిల్లలకు అన్నం పెట్టే ఇళ్లు విశాఖలో ఉన్నాయి. ఆ నాన్న అప్పటికి ఏ సింగపూర్ దగ్గరో ఉంటాడు, అది వేరే సంగతి. మర్చంట్ నేవీ వాళ్లు, నేవీ వాళ్లు, ఫిషింగ్ హార్బర్ నుంచి రోజుల తరబడి వేటకెళ్లే బోటు మనుషులు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లొచ్చే నాలాంటి ఉద్యోగులు. ఇంటికి దూరంగా ఉండి సంపాదించడం ఈ ఊరికి పాత అలవాటే.

ఓడల వాళ్ల విషయంలో మాత్రం ఈ మధ్య ఒక మంచి మార్పు జరిగింది. అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందానికి చేసిన సవరణలు 2024 డిసెంబరు 23న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం, వీలైనంత వరకు ఓడలో సిబ్బందికి ఇంటర్నెట్ ఇవ్వాలి. డబ్బు తీసుకున్నా అది న్యాయంగా ఉండాలి. ఇంటితో మాట్లాడటం కూడా పని పరిస్థితుల్లో భాగమేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయితే సిగ్నల్ ఉంటే సరిపోదు. మూడేళ్ల పిల్లకి ఫోన్ ఇచ్చి ‘నాన్నతో మాట్లాడు’ అంటే అర నిమిషంలో పారిపోతుంది. మనకి చివుక్కుమంటుంది. తప్పు పిల్లది కాదు. ‘ఏం తిన్నావ్, స్కూల్లో ఏం చెప్పారు’ అంటూ మనం చేసేది విచారణ. ఏడాదిన్నర లోపు పిల్లలకు స్క్రీన్ వద్దన్న అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 2016లో వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ వయసు పిల్లలతో ఆ కాల్ సాగాలంటే పక్కన ఒక పెద్ద మనిషి కూర్చోవాలి.

మా ఇంట్లో ఆ మనిషి మా అమ్మ. ఫోన్‌ని కందిపప్పు డబ్బాకి ఆనించి పెడుతుంది. అక్కడ పాప తింటుంది, ఇక్కడ లాడ్జిలో నేను తింటాను. ఎక్కువ మాటలుండవు. ‘నాన్న ముద్ద పెద్దదా, నీ ముద్ద పెద్దదా?’ అని అమ్మ అడుగుతుంది. అంతే, పావుగంట గడిచిపోతుంది. బంధం నిలబెట్టింది నేనే అనుకుంటాను గానీ, సగానికి పైగా కష్టం ఆవిడదే. క్యాంపుకొచ్చిన మహిళా సహోద్యోగిని మాత్రం ‘పాపని ఎవరి దగ్గర వదిలొచ్చారు?’ అని అందరూ అడుగుతారు. నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఇక పిల్లలు తినే వేళా మన రివ్యూ కాల్ వేళా ఒకటే, రాత్రి ఎనిమిది. చాలా ఆఫీసుల్లో ఆ టైమ్‌ని ఎవరూ ఆలోచించి పెట్టరు, అలా అలవాటైపోతుంది. ఇది ఇంటి సమస్య అనుకుని ఎవరికి వారు టెన్షన్ పడుతుంటారు. మొన్న దాన్ని తొమ్మిదికి మార్చమని అడిగాను. ‘సరే’ అన్నారు, కారణం కూడా అడగలేదు. ఆ మాట అడగడానికి నాకు రెండేళ్లు పట్టింది.