ఫిలాసఫీ డిగ్రీ దండగ కాదు, పాఠం చెప్పే తీరే దండగ

ఫిలాసఫీ చదివితే ఏం ఉద్యోగం వస్తుందన్న ప్రశ్న పాతదే. ఆలోచనాశక్తి పెరుగుతుంది, వ్యక్తిత్వం వికసిస్తుంది అన్న జవాబులూ పాతవే. ఏ కోర్సు ప్రాస్పెక్టస్ తెరిచినా కనిపించే మాటలు కనుక వాటిని పక్కన పెడదాం. ఈ డిగ్రీ నేర్పాల్సిన పని ఒక్కటే: ఒక వాదనను విప్పి, అది ఎక్కడ నిలబడదో చూపించడం. అది వచ్చినవాళ్లకు చదువు గిట్టుబాటైనట్టే.

ఒక సంస్థ నివేదికలో ఇలా ఉందనుకోండి: ‘ఈ ఏడాది ఫిర్యాదులు సగానికి తగ్గాయి, కాబట్టి మా సేవ మెరుగుపడింది.’ చదివి తలూపేస్తాం. తర్కం వంటబట్టినవాళ్లు తేలాల్సిన మాటను, దానికి చూపిన ఆధారాన్ని విడివిడిగా రాసుకుంటారు. రెండింటి మధ్యా ఎవరూ పైకి అనని వాక్యం ఒకటి నక్కి ఉంటుంది: ఇబ్బంది పడ్డవాళ్లు ఫిర్యాదు చేసే తీరతారు. దాన్ని బయటికి లాగితే చాలు, నివేదిక డొల్లతనం బయటపడుతుంది. విసిగినవాళ్లు చెప్పకుండానే వెళ్లిపోయి ఉండొచ్చు. ఫిర్యాదు పేజీ నాలుగు క్లిక్కుల వెనక్కి పోయి ఉండొచ్చు. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం దీనికి ఎప్పుడో పేరు పెట్టింది: సవ్యభిచార హేత్వాభాస (హేత్వాభాస అంటే హేతువులా కనిపించే దోషం). అంటే చూపిన హేతువు, సాధ్యం (తేలాల్సిన మాట) ఉన్నచోటా ఉంటుంది, లేనిచోటా ఉంటుంది. న్యాయసూత్రాలు చెప్పిన ఐదు హేత్వాభాసల్లో మొదటిది ఇదే. ఆడిటింగులో, న్యాయవాద వృత్తిలో, సాఫ్ట్‌వేర్ అవసరాలు రాసేచోట రోజూ తగిలేదీ ఇదే.

‘ఫిలాసఫర్ కావలెను’ అని కంపెనీలు ప్రకటనలివ్వవు, తొలి జీతం ఇంజినీర్లకున్నంత ఉండదు అంటారు. రెండూ నిజమే. ఫిలాసఫీని సమర్థించే మా పక్షం వాళ్లు వెంటనే జీఆర్‌ఈ (విదేశాల్లో పీజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) లెక్కలు తీస్తారు: వెర్బల్, ఎనలిటికల్ రైటింగ్ విభాగాల్లో ఫిలాసఫీ అభ్యర్థుల సగటు అగ్రభాగాన ఉంటుందని. ఆ లెక్కా నిజమే. కానీ ముందునుంచే బాగా చదివే, రాసే వాళ్లే ఈ సబ్జెక్టు ఎంచుకుంటున్నారేమో! ఇదీ సవ్యభిచారమే. దాని మీద నేను వాదన కట్టను.

అసలు లోపం తరగతిలో ఉంది. పేర్లు, కాలాలు, ‘వాదాలు’ బట్టీ పట్టిస్తారు. మనసూ శరీరమూ వేర్వేరు పదార్థాలన్న ఫ్రెంచి తత్వవేత్త గురించి ‘దేకార్త్ ద్వైతవాది’ అని రాస్తే చాలు, మార్కులు వచ్చేస్తాయి. పరిమాణమే లేని మనసు శరీరాన్ని ఎలా కదిలిస్తుందని 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయన్ను ఉత్తరంలో నిలదీసింది. ఆ ఆక్షేపణను పది వాక్యాల్లో, దేకార్త్‌కు అన్యాయం చేయకుండా రాయమనండి. చాలామంది పెన్ను అక్కడే ఆగుతుంది. చేరేముందు సిలబస్‌లో మూడు చూసుకోవాలి: సింబాలిక్ లాజిక్ (గుర్తులతో రాసే తర్కం) క్వాంటిఫైయర్ల (‘అన్నీ’, ‘కొన్ని’ అని చెప్పే గుర్తుల) దాకా వెళ్తుందా, మూలగ్రంథాలు చదివిస్తారా, వ్యాసాలను వాక్యం వాక్యం దిద్ది తిరిగిస్తారా? మూడోది లేకపోతే మొదటి రెండూ పెద్దగా అక్కరకు రావు. పక్కన స్టాటిస్టిక్స్ గానీ ప్రోగ్రామింగ్ గానీ ఉండాలి. ఒట్టి ఫిలాసఫీతో బయటికి వస్తే ఇబ్బందే.

ఇక నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే సంగతి. అమెరికా కోర్టుల్లో నిందితుడు మళ్లీ నేరం చేసే ముప్పు ఎంతో అంచనా వేసే కాంపాస్ సాఫ్ట్‌వేర్ మీద 2016లో పెద్ద రగడ నడిచింది. మళ్లీ నేరం చేయని నల్లజాతివాళ్లను అది ప్రమాదకరులుగా ముద్రవేయడం, తెల్లవాళ్ల విషయంలో కంటే దాదాపు రెండింతలని పరిశోధనాత్మక వార్తాసంస్థ ప్రోపబ్లికా తేల్చింది. ఒకే స్కోరు వచ్చినవాళ్లు ఏ జాతివాళ్లయినా దాదాపు ఒకే రేటున మళ్లీ నేరం చేస్తున్నారు, ఇందులో పక్షపాతమేముందని తయారీదారులు బదులిచ్చారు. అంకెలు ఇద్దరివీ సరైనవే. రెండు వర్గాల్లో మళ్లీ పట్టుబడే రేటు వేరైనప్పుడు, తప్పులు చేసే ఏ అంచనా పద్ధతీ తప్పుడు ముద్రలు సమానంగా పడటం, ఒకే స్కోరుకు ఒకే ముప్పు ఉండటం అనే ఈ రెండు సమానత్వాలనూ ఒకేసారి ఇవ్వలేదని గణితమే రుజువు చేసింది. ఏది వదులుకోవాలో మాత్రం గణితం చెప్పదు. ఎంచుకున్న న్యాయం ఏది, దానివల్ల నష్టపోయేది ఎవరు, వాళ్ల తరఫున బలమైన ఆక్షేపణ ఏమిటి అన్నది ఎవరో ఒకరు ఒక పేజీలో రాసి సంతకం పెట్టాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ కొనేముందు ఆ పేజీ ఎక్కడుందని అడిగేవాళ్లు టెండర్ కమిటీలో ఒక్కరైనా ఉంటున్నారా?