గ్లాసులో బురద ఎవరిది?

పోయిన ఆదివారం పొద్దున పదిన్నరకు, అనంతపురంలో మా ఇంటి బోరు నీళ్లు తమ నేరాన్ని ఒప్పుకున్నాయి. నేను ప్రత్యక్ష సాక్షిని.

ఒప్పించినవాడు నీళ్లు శుద్ధి చేసే మిషన్లు అమ్మే కుర్రాడు. మండుటెండలో టై కట్టుకుని వచ్చాడు. మా ఊరి ఎండలో టై కట్టుకున్న మనిషి అబద్ధం చెప్పడని నా నమ్మకం. రెండు గాజు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో తన మిషన్ నీళ్లు, ఇంకోదాంట్లో మావి. రెండూ తేటగానే ఉన్నాయి. ఇనుప కమ్మీలున్న పరికరం ఒకటి రెండింట్లోనూ ముంచి ప్లగ్గు పెట్టాడు. కాసేపటికి మా గ్లాసులో బుడగలు లేచాయి, పచ్చటి నురగ కట్టింది, ఆ పైన తుంగభద్రకు కొత్తనీరు వచ్చినట్టు ఎర్రటి బురద. అతని గ్లాసు మాత్రం ఉపవాసం ఉన్న స్వామిలా నిమ్మళంగా ఉంది.

"ఇన్నాళ్లూ మీరు తాగుతోంది ఇదే సార్."

నలభై ఏళ్ల నీళ్లు నా కడుపులో ఒక్కసారిగా కదిలాయి.

బాధ్యత గల కుటుంబం ఇక్కడ భయపడాలి, అడ్వాన్సు కట్టాలి. మేమూ కట్టేవాళ్లమే. ఖర్మకొద్దీ మా ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఉంది. "అన్నా, మీ గ్లాసులో కొంచెం ఉప్పేసి చూద్దామా?" అంది. అతను వద్దనేలోపే వంటింట్లోంచి చిటికెడు తెచ్చి వేసి కలిపింది. ఉప్పు మాయమైంది. నీళ్లు మళ్లీ అంతే తేట. మళ్లీ ప్లగ్గు పెట్టించింది. ఆ పవిత్ర జలం మా నీళ్లకంటే తొందరగా బురదైపోయింది. (కరెంటుతో ఈ ఆట మీ ఇళ్లలో ఆడొద్దు. మా ఇంట్లో ఆడిందే ఎక్కువ.)

పిల్ల చెప్పిన సంజాయిషీ ఇది, నాకు ఇష్టం లేకపోయినా రాస్తున్నాను. ఉప్పు కరగడమంటే మాయమవడం కాదట. గట్టి పలుకు కంటికి ఆనని అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా విడిపోతే, నీటి అణువులు ఒక్కోదాన్నీ చుట్టుముట్టి పట్టుకుంటాయట. వంద మిల్లీలీటర్ల నీళ్లు దాదాపు 36 గ్రాముల ఉప్పును ఇలా దాచుకోగలవు. ఆ అయాన్లే కరెంటును మోస్తాయి. మా బోరు నీళ్లలో కరిగిన లవణాల వల్ల అవి ఉన్నాయి, అతని మిషన్ వాటిని చాలావరకు తీసేస్తుంది. అవి లేని నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు కాబట్టి అతని గ్లాసులో ఏమీ జరగలేదు. కరెంటు పారిన గ్లాసులో ఒక కమ్మీ ఇనుము ఊడి నీళ్లలోకి దిగి తుప్పుగా మారింది, ఇంకో కమ్మీ దగ్గర హైడ్రోజన్ బుడగలయింది. అంటే బురద మాది కాదు, అతను సంచీలో పెట్టుకొచ్చిందే. ఘనం, ద్రవం, వాయువు మూడింటినీ ఒకే గ్లాసులో చూపించినందుకైనా ఆ అబ్బాయికి సన్మానం చేయాలి.

మా అవ్వ సైన్సు చదవలేదు. గ్లాసు వంక చూసి, "ఏమప్పా, ఆ కమ్మీలు కడిగి తెచ్చినావా?" అని మాత్రం అడిగింది.

ఇందులో అన్యాయం ఒకటుంది. మా నీళ్ల మీద చెప్పడానికి నిజమైన ఫిర్యాదులే బోలెడు. బోరు నీళ్లలో బ్యాళ్లు ఉడకవు. హీటరు కాయిలు మీద సున్నం పొర కడుతుంది, కరిగి ఉన్నప్పుడు కనపడని కాల్షియమే అది. జిల్లాలో ఎన్నో ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ల మీద మరకలు పడతాయి, ఇంకా పెరిగి ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగుతాయి. కాచితే పోదు, నీళ్లు ఆవిరై, మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. అతని మిషన్ దాన్ని నిజంగానే చాలావరకు తీసేస్తుంది, పనిలో పనిగా సగానికి పైగా నీళ్లు మోరీలోకి వదులుతుంది. ఈ ముక్కలేవీ అతను ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం? ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, నురగ రాదు. ఆదివారం పూట ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చూపించడానికి పనికిరాదు.

కాబట్టి అధికారులకు నా విన్నపం: అమ్మకాలు జరిగే వేళల్లో ఉప్పు డబ్బాలు పిల్లలకు అందకుండా అటక మీద పెట్టించాలి. ద్రావణాల పాఠం ఇంటర్ దాకా వాయిదా వేయాలి.

బురద గ్లాసును రాత్రంతా కిటికీలో పెట్టాం. పొద్దునకు ఎర్రదంతా అడుక్కు దిగింది, పైన నీళ్లు తేటగా నిలిచాయి. "నిజంగా కరిగిందైతే ఇట్లా అడుక్కు దిగదు నాయనా" అని పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. అవ్వ వినకుండా గ్లాసు తీసుకెళ్లి, ఇనుము మంచిదేలే అంటూ కరివేపాకు చెట్టుకు పోసింది. ఆ కుర్రాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు, ఇంకో రెండు వేలు తగ్గిస్తాడట.