గుడ్డ సంచి 7,100 సార్లు వాడాలా? ఆ మెసేజ్‌కి నా జవాబు

కొన్నాళ్లుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ, బంధువుల గ్రూపులోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "గుడ్డ సంచి 7,100 సార్లు వాడితే గానీ ప్లాస్టిక్ కవర్ కంటే మేలు కాదని డెన్మార్క్ ప్రభుత్వమే తేల్చింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చినా బండిలో కలిపేస్తారు. ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా. ఒక్క ఇల్లు మారితే ఒరిగేదేం లేదు. ఆడవాళ్లకి చాకిరీ పెరగడం తప్ప." ఇది చదివి, ఇన్నాళ్లూ శ్రద్ధగా రెండు బుట్టలు పెట్టినవాళ్లు కూడా మానేద్దామా అని అడుగుతున్నారు. మానొద్దు. ఎందుకో చెబుతాను.

ముందు ఆ 7,100 సంగతి. అంకె కల్పితం కాదు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వెలువరించిన నివేదికలో ఉంది. అయితే వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే మామూలు నూలు సంచిని 52 సార్లు వాడితే చాలని కూడా అదే నివేదికలో ఉంది. మెసేజ్ రాసినవాళ్లు ఆ ముక్క వదిలేశారు. నీరు, నేల, గాలి అంటూ రకరకాల నష్టాలను లెక్కగట్టి, వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా తేలిన ఓజోన్ పొర నష్టాన్ని బట్టి చెప్పిన అంకె 7,100. పైగా ఆ నివేదికలో పోల్చింది అక్కడి సూపర్ మార్కెట్లలో ఇచ్చే మందపాటి కవర్‌తో. దాన్ని ఇంటికి తెచ్చాక చెత్తబుట్టలో వేసుకుని మళ్లీ వాడతారని కూడా లెక్కలో ఉంది. మన కర్రీ పాయింట్‌లో సెగలు కక్కే సాంబారు పోసి ముడేసి ఇచ్చే పల్చటి కవర్‌కి రెండో వాడకం ఎక్కడిది? డెన్మార్క్‌లో కవర్లు వీధుల్లో పారేయడం బహు తక్కువ కాబట్టి ఆ నష్టాన్ని లెక్కలోకే తీసుకోలేదు. మన దగ్గర అసలు బాధంతా అదే. వానాకాలంలో మురుగు కాలువకి అడ్డం పడేవి, ఆవుల కడుపులో చేరేవి ఆ కవర్లే.

ఇంకో మాట. ఆ లెక్క కొత్తగా పత్తి పండించి, నేసి, కుట్టిన సంచిది. నాన్న పాత ప్యాంటు కాళ్లతోనో, చిరిగిన దుప్పటితోనో కుట్టుకున్న సంచికి అది వర్తించదు. కొత్త సంచే అనుకున్నా, వారానికి రెండుసార్లు రైతు బజారుకి తీసుకెళ్తే ఆరు నెలల్లో 52 సార్లు అయిపోతుంది. పెళ్లిళ్లలో పంచిన కొత్త సంచులు బీరువాలో దొంతరగా పేర్చుకునేవాళ్లకు మాత్రం ఆ నివేదిక చెప్పేది నిజంగా పనికొస్తుంది. ఉన్నవి వాడండి, కొత్తవి తీసుకోకండి.

బండిలో కలిపేస్తారన్న మాట కొన్ని చోట్ల నిజమే. నా కళ్లతో నేనూ చూశాను, కోపమూ వచ్చింది. కానీ తడి చెత్త ఇంట్లోనే ఎరువైతే బండిలో కలపడానికి ఏముంటుంది? అడుగున చిల్లులున్న కుండలో కూరగాయల తొక్కలు ఒక పొర, ఎండుటాకులో కొబ్బరి పొట్టో ఒక పొర వేస్తూ, అప్పుడప్పుడు కాస్త పుల్ల మజ్జిగ చల్లితే చాలు. కంపు కొట్టిందంటే తడి ఎక్కువైందని అర్థం, ఎండుటాకులు ఇంకో రెండు గుప్పిళ్లు వేయాలి. అదే చెత్త డంపింగ్ యార్డులో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ అనే వాయువు పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. కుళ్లిన చెత్త నుంచి కారే నల్లటి నీళ్లు ఏం చేస్తాయో హైదరాబాద్ జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టుపక్కల ఉన్నవాళ్లని అడగండి.

పొడి చెత్తయినా అంతే. పాల ప్యాకెట్ మూల కత్తిరించి ఆ చిన్న ముక్కని విడిగా పడేస్తే అది ఎవరి చేతికీ దొరకదు. ముక్క ఊడిపోకుండా గాటు పెట్టి, పాలు పోశాక కడిగి ఆరేస్తే ఆ ప్యాకెట్లు పాత సామాన్లవాళ్లు తీసుకుంటారు. అన్నం మెతుకులు అంటుకున్నది ఎవరూ ముట్టుకోరు. పగిలిన గాజు, వాడిన ప్యాడ్‌లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వకపోతే వాటిని ఏరేది ఒక పారిశుద్ధ్య కార్మికురాలి చేయి. నాకు ఈ ఒక్క కారణం చాలు. ఇక తడి, పొడి, ప్రమాదకరమైనవి అని మూడుగా విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. మనం వేరు చేసి ఇస్తేనే, ఎందుకు కలుపుతున్నారని మున్సిపాలిటీని నిలదీయగలం.

డబ్బున్నవాళ్ల సరదా అన్నది అసలు అర్థం లేని మాట. వెదురు బ్రష్షులు, ఖరీదైన గాజు సీసాలు కొనమని ఎవరూ అనడం లేదు. పప్పు అరగంట నానబెట్టి వండితే గ్యాస్ మిగులుతుంది. ఏసీ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. సిద్దిపేటలో మహిళా సంఘాలు స్టీల్ బ్యాంకులు పెట్టి ఫంక్షన్లకు కంచాలు, గ్లాసులు అద్దెకిచ్చాయి. అది సంపన్నుల పనా?

ఒక్క ఇంటితో ఏమవుతుందంటారా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదిక ప్రకారం ప్రపంచంలో వృథా అవుతున్న ఆహారంలో 60 శాతం ఇళ్లలోదే. మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోలని అంచనా, అంటే నలుగురున్న ఇంట్లో 220 కిలోలు. ఫ్యాక్టరీల కాలుష్యం మీద గట్టిగా అడగాల్సిందే. అలాగని మనం పారబోసే అన్నం సంగతి వదిలేయక్కర్లేదు.

చివరిది, ఆడవాళ్ల చాకిరీ. ఆ మెసేజ్ మొత్తంలో నేను పూర్తిగా ఒప్పుకునే మాట ఇదే. చాలా ఇళ్లలో ఐడియా ఒకరిది, ప్యాకెట్లు కడిగేది అమ్మ. దానికి మందు మానేయడం కాదు, పంచుకోవడం. ఎరువు కుండ నాన్న చూసుకోవాలి. ప్యాకెట్లు కడిగి ఆరేయడం పిల్లల పని. సంచి, స్టీల్ డబ్బా తీసుకెళ్లడం బజారుకి ఎవరు వెళ్తే వాళ్ల పని. రేపు ఏం వండాలో రాత్రే నలుగురూ అనుకుంటే మిగిలిపోయే కూర కూడా తగ్గుతుంది.