పొగమంచు గారూ, నిందలన్నీ మీకేనా?

ఉత్తరాది మైదానాల అధిపతి, డిసెంబరు నెల శాశ్వత అతిథి శ్రీ పొగమంచు గారికి, ఢిల్లీలో ఉద్యోగమూ మెదక్‌లో సొంతిల్లూ ఉన్న ఒక ప్రయాణికుడు నమస్కరించి వ్రాయునది.

మేమంతా ఇక్కడ క్షేమం. అంటే ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నామని అర్థం. మీరూ క్షేమమనే తలుస్తాను. కిటికీ తెరిస్తే మీరు తప్ప ఇంకేమీ కనబడటం లేదు మరి.

తిట్టడానికి రాస్తున్నాననుకునేరు. ఆ పని చేసేవాళ్ళు స్టేషన్లలో, ఎయిర్‌పోర్టుల్లో, టీవీ చర్చల్లో కావాల్సినంతమంది ఉన్నారు. నేను మీ తరఫు మనిషిని. మీ పేరు చెప్పుకొని ఎంతమంది బతికేస్తున్నారో మీ చెవిన వేద్దామనే ఈ ఉత్తరం.

నిజం చెప్పాలంటే ఢిల్లీలో టైముకు వచ్చేది మీరొక్కరే. డిసెంబరు సగమయ్యేసరికి దిగుతారు, సంక్రాంతి దాటినా కదలరు. క్రిస్మస్ 25నే వస్తుందని అందరికీ తెలుసు, ఆ వారంలో మీరూ ఉంటారని తెలుసు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి క్రిస్మస్‌కు మెదక్ పోవడానికి మేం అక్టోబరు చివర్లోనే టికెట్లు తీసుకుంటాం. బెర్తు కన్ఫర్మ్ అయిన రోజునే మా ఆవిడ, "ఇంకో దుప్పటి పెట్టుకుందాం, బండి ఎలాగూ లేటే" అంది. ఆవిడేమీ వాతావరణ శాస్త్రవేత్త కాదు. పెద్ద పెద్ద సంస్థలు మాత్రం ఏటా మిమ్మల్ని చూసి, పిలవని పేరంటానికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు ఉలిక్కిపడతాయి. "అనుకోని వాతావరణ పరిస్థితుల వల్ల" అని మెసేజ్ పెడతాయి. అనుకోనిది ఏముందండీ ఇందులో? అనుకోవాల్సినవాళ్ళు అనుకోలేదు, అంతే.

పోనీ మీరేమైనా అంతుచిక్కని మాయా? మీ పుట్టుపూర్వోత్తరాలు స్కూలు పుస్తకాల్లోనే ఉన్నాయి. చలికాలం రాత్రి పొడవు. ఆకాశంలో మబ్బు లేక, గాలి కదలక ఉంటే నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని ఆనుకొని ఉన్న గాలీ చల్లబడుతుంది. పైన ఉన్న వెచ్చటి పొర దాన్ని పైకి పోనివ్వదు. పడమటి నుంచి వచ్చిన మబ్బులు ఒక జల్లు కురిపించి పోతే తేమకు లోటుండదు, నీళ్ళు పెట్టిన గోధుమ పొలాలు ఎలాగూ ఉన్నాయి. ఇక ఆ తేమ పట్టుకొని వేలాడటానికి ధూళికణాలు కావాలి. ఢిల్లీలో వాటికి కొదవా? బండ్లు, ఫ్యాక్టరీలు, చలిమంటలు, తలా ఒక చెయ్యి వేస్తాం. అంటే మీలో కొంత మా చలవే. సరుకు మాది, పేరు మీది.

మీకోసం రైల్వేవాళ్ళు చేసే ఏర్పాట్లు చూస్తే మీరు పొంగిపోతారు. సిగ్నల్ దగ్గరపడుతోందని డ్రైవరుకు తెలియాలని పట్టాలకు అడ్డంగా సున్నం గీతలు కొడతారు. సిగ్నల్‌కు 270 మీటర్ల ముందు పట్టా మీద పటాకాలు బిగిస్తారు. ఇంజను చక్రం ఎక్కగానే అవి పేలతాయి, డ్రైవరు జాగ్రత్త పడతాడు. అవి బిగించడానికి ఒక మనిషి ఉంటాడు. మేం ఏసీ పెట్టెలో రెండు దుప్పట్లు కప్పుకొని "ఇంకా ఎంతసేపు" అని విసుక్కునే వేళకు, అతను రాత్రంతా పట్టాల పక్కనే ఉంటాడు. మథుర దాటాక ఒక తెల్లవారుజామున బండి పాకుతున్నట్టు పోతుంటే తలుపు అద్దం తుడిచి చూశాను. ముందు ఒక చిన్న చలిమంట కనబడింది. తర్వాత దాని పక్కన ముసుగేసుకున్న మనిషి, చేతిలో లాంతరు. మొహం కనబడలేదు, మీరు కనబడనివ్వలేదు. అంతకు కాస్త ముందే వరసగా రెండు చప్పుళ్ళు వినిపించాయి. పక్క బెర్తు పిల్లాడు నిద్రలోంచి లేచి "క్రిస్మస్ వచ్చేసింది" అని గంతులేశాడు. వాడికి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు.

ఇప్పుడు ఇంజన్లలో జీపీఎస్‌తో పనిచేసే డివైస్ కూడా పెడుతున్నారు. రాబోయే సిగ్నల్ ఎంత దూరంలో ఉందో అది ముందే చెబుతుంది. ఇదివరకు మీరుంటే గంటకు 60 కిలోమీటర్లు దాటకూడదనేవారు, ఆ డివైస్ ఉంటే 75 దాకా పోనిస్తున్నారు. నెమ్మదిగా పోవడంతో నాకు పేచీ లేదు. పండగ పొద్దున చేరకపోయినా ప్రాణాలతో చేరతాం. నా పేచీ అంతా అనౌన్స్‌మెంటుతోనే.

మొదట "30 నిమిషాలు ఆలస్యం" అంటారు. అటునుంచి వచ్చి మమ్మల్ని ఎక్కించుకోవాల్సిన బండి ఇంకా ఆగ్రా కూడా దాటలేదని మా ఫోన్లో కనబడుతూనే ఉంటుంది. అది రావాలి, కడగాలి, నీళ్ళు పట్టాలి, మళ్ళీ బయల్దేరాలి. ఐదో తరగతి పిల్లాడైనా కట్టే లెక్క. అయినా సరే 30 నిమిషాలే. అదయ్యాక గంట. గంటయ్యాక రెండు గంటల పదిహేను నిమిషాలు. (ఆ చివరి పదిహేను నిమిషాల కచ్చితత్వం చూస్తే ముచ్చటేస్తుంది.) నిజాన్ని కూడా వాయిదాల మీద ఇచ్చే పద్ధతి ఇది. ఆరు గంటలని ఒకేసారి చెబితే ఇంటికి పోయి వేడిగా ఇంత పప్పన్నం తిని, ఒక కునుకు తీసి వస్తాం కదా! చెప్పరు. సూట్‌కేసు మీద కూర్చొని, మట్టి కప్పులో చాయ్ మీద చాయ్ తాగుతూ, మంకీ క్యాపులోంచి ఒకరి మొహాలు ఒకరు చూసుకోవాలి. మధ్యమధ్య రికార్డు చేసిన గొంతు ఒకటి, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని చెప్పిపోతుంది. అంత హాయిగా చింతించడం నాకెప్పటికి అలవడుతుందో. నాతో ఉన్నవాళ్ళలో నిబ్బరంగా ఉన్నది మా ప్లమ్ కేకు ఒక్కటే. అది ఎన్ని రోజులు నిలవుంటే అంత రుచి.

విమానాల సంగతి ఇంకా రసవత్తరం. ఢిల్లీలో క్యాట్-3 అని, పొగమంచులోనూ విమానాన్ని దించే ఏర్పాటు ఉంది కాబట్టి రన్‌వే మీద 50 మీటర్లు కనబడినా విమానం దిగొచ్చు. లేవాలంటే మాత్రం 125 మీటర్లు కనబడాలి. అంటే రావడం సులువు, పోవడం కష్టం. ఢిల్లీకి ఉద్యోగాలకొచ్చిన మాలాంటి వాళ్ళందరి కథా అదే అనుకోండి. దిగాలన్నా ఆ శిక్షణ ఉన్న పైలట్ కావాలి. 2023 డిసెంబరులో అలాంటి పైలట్లను డ్యూటీకి వేయలేదని, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఆ తర్వాతి నెలలో రెండు విమాన సంస్థలకు తలా 30 లక్షల జరిమానా వేసింది. డ్యూటీ చార్టు రాసింది మీరు కాదు కదా? అయినా గేటు దగ్గర వినిపించేది మీ పేరే. ఆ జనవరిలోనే గోవా నుంచి ఢిల్లీ రావాల్సిన విమానమొకటి ముంబైలో దిగితే, ప్రయాణికులు విమానం పక్కనే నేల మీద కూర్చొని భోంచేశారు. బంతి భోజనాలే, కాకపోతే "ఇంకాస్త వేసుకోండి" అనేవాళ్ళు లేరు.

మీరంటే విమానాలవాళ్ళకు అంత ప్రేమ ఎందుకో తెలుసా? వాతావరణం కారణమైతే పరిహారం ఇవ్వక్కర్లేదని రూలు. పైలట్ దొరక్కపోయినా, విమానం ఇంకో ఊళ్ళో చిక్కుకున్నా, ముందు మీ ఖాతాలో రాసేస్తే సరి. రైలైతే కాస్త నయం. మూడు గంటలకు మించి లేటై, మనం ఎక్కకపోతే, బండి కదిలేలోపు టీడీఆర్ అనే అర్జీ పెట్టుకుంటే టికెట్ డబ్బంతా వెనక్కిస్తారు. కానీ 23 సాయంత్రం చేతిలోకి డబ్బొస్తే ఏం చేసుకోవాలి? దానితో ఇంకో బండిలో బెర్తు దొరుకుతుందా?

మీ చెల్లెలు ఒకావిడ మా తెలుగు నేల మీద కూడా ఉంటుంది. లంబసింగిలో, వంజంగిలో. ఆవిడ దర్జా చూడాలి! జనం రాత్రంతా కార్లు నడుపుకొని, చీకట్లో కొండెక్కి, ఆవిడ ఎప్పుడొస్తుందా అని ఫోన్లు పట్టుకొని కూర్చుంటారు. ఆవిడ రాని రోజు "డబ్బులు దండగ" అని ఏడ్చి, బొంగు చికెన్ తిని ఊరడిల్లుతారు. పొద్దెక్కాక ఆవిడ తన దారిన తను పోతుంది. మీరు మాత్రం కొన్నాళ్ళు మధ్యాహ్నం దాకా కూడా కదలరు. ఇంట్లో పెద్దవారు, మేం చెబితే బాగుండదు. అయినా ఒకసారి ఆవిడను అడిగి చూడండి.

అసలు విషయానికొస్తాను. మెదక్ చర్చికి 1914లో పునాది వేశారు. కరువు రోజుల్లో జనానికి పనీ అన్నమూ దొరకాలని ఇంగ్లీషు మిషనరీ పాస్నెట్ దొర కట్టించాడు. 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, ప్రతిష్ఠ చేశారు. పదేళ్ళ పనిని పండగ రోజుకు అందించారు, మమ్మల్ని మాత్రం పండగ రోజుకు అందించే బండి దొరకడం లేదు. తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది. తర్వాత ఎండ పొడ పడితే రంగు అద్దాల కిటికీల్లో బాలయేసు మెరుస్తాడు. బయట జాతర, బొమ్మల కొట్లు, జనం. వాకిట్లో స్టార్ కట్టి మా అమ్మ 22 నుంచే ఫోన్లు మొదలుపెడుతుంది.

"యాడిదాక వచ్చిండ్రు బిడ్డా?"

"ఇంకా ఢిల్లీలనే ఉన్నమమ్మా."

"పొద్దుగాల గూడ గదే జెప్తివి గద!"

పొగమంచు గారూ, ఆవిడ దగ్గర మీ పేరు చెల్లదు. మెదక్‌లో ఆవిడ పుట్టి బుద్ధెరిగాక పొగమంచు వల్ల ఆగిన బస్సు లేదు. "మంచుకు బండి ఆగుతదా? లైట్లెయ్యరా?" అంటుంది. నాకు తెలిసి దేశంలో మీ సాకును ఒప్పుకోని ఒకే ఒక్క అధికారి ఆవిడే.

అందుచేత నా మనవి చిన్నది. 23 రాత్రి ఢిల్లీ నుంచి ఝాన్సీ దాకా కొంచెం పలచబడండి. ఆ తర్వాత మాకు మీతో పనిలేదు. నాగ్‌పూర్, బల్లార్షా దాటితే మా ఎండలు మాకున్నాయి. మీరు పలచబడ్డాక కూడా బండి లేటైతే ఎవరి పేరు చెబుతారో వినాలని నాకు మహా కుతూహలంగా ఉంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ప్లాట్‌ఫారం మీద నుంచి.

తా.క.: తిరుగు ప్రయాణం జనవరి 2న. మర్నాడు ఆఫీసులో ఉండాలి. ఆ రెండు రోజులూ మాత్రం తమరు మొహమాటపడకుండా ఎంత దట్టంగా ఉండాలనుకుంటే అంత దట్టంగా ఉండొచ్చు. "సార్, ఫాగ్ వల్ల ట్రైన్ క్యాన్సిల్, 5న జాయినవుతాను" అని మా మేనేజరుకు పంపాల్సిన మెసేజ్ ఇప్పుడే టైపు చేసి పెట్టుకున్నాను. ఆయన నమ్ముతాడు. కిందటేడు ఆయనా నాకు అదే పంపాడు.